భోగికి ముందు నెల

అక్టోబరు చివరి వారంలో మిచిగన్ నుంచి మా చిన్నాన్నగారమ్మాయి ఫోను చేసింది. "అక్కా, ఈ ఏటికి మొదటి కట్టె ఇవాళే అంటించాం" అంది. పిల్ల పుట్టిందని చెప్పేటప్పుడు కూడా దాని గొంతులో అంత సంబరం వినలేదు నేను. వాళ్ళ హాల్లో గోడలోకి కట్టిన పొయ్యి ఒకటుంది. ఎండాకాలమంతా దాని నోట్లో పూలకుండీ పెట్టి ఉంచుతారట. చలిగాలి తిరగ్గానే కుండీ తీసేసి, పొగగొట్టం దులిపించి, ముందే తెప్పించుకున్న కట్టెలు పేర్చి, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి అగ్గిపుల్ల గీస్తారట. "మీకెప్పుడక్కా మొదటి మంట?" అని అడిగింది.

నేనప్పుడు మధురవాడలో మా ఇంట్లో ఫ్యాను కింద కూచుని పమిటచెంగుతో మెడ తుడుచుకుంటున్నాను. "మాకు చలెక్కడిదే తల్లీ!" అనబోయి ఆగిపోయాను. నిజానికి మాకూ ఒక మొదటి మంట ఉంది. దానికి పేరుంది, తారీఖుంది, వేళ కూడా ఉంది. కాకపోతే వాళ్ళకి చలి ముందొచ్చి మంటని పిలుస్తుంది. మాకు పంచాంగం పిలుస్తుంది. చలి వస్తే వచ్చింది, రాకపోతే లేదు. భోగిమంట మాత్రం ఆగదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మధురవాడ చలికి పేరుబడ్డ ఊరు కాదు. ఒక పక్క సముద్రం, ఇంకోపక్క కంబాలకొండ అడవి, దాని వెనక సింహాచలం కొండలు. జనవరిలో కూడా రాత్రిపూట పదిహేను డిగ్రీల కిందికి దిగితే అది మాకు మర్నాటి కబురు. మా ఉమ్మడి విశాఖ జిల్లాలోదే లంబసింగి. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడ డిసెంబరు రాత్రుళ్ళు సున్నా దగ్గరికి దిగుతాయి. అక్కడివాళ్ళకి నెగడు అవసరం. మాకు సరదా. సరదా అన్నానా? ఆ మాట వెనక్కి తీసుకుంటాను. సరదా కోసం ఎవరూ నెల్లాళ్ళు కాచుకుని కూచోరు.

మా పక్క చలిమంట చరిత్ర చెప్పాలంటే, విచిత్రంగా, మంట వెయ్యకూడని చోటునుంచి మొదలుపెట్టాలి.

మా ఊరినుంచి సముద్రం వైపు వెళ్తే బావికొండ, తొట్లకొండ అని రెండు కొండలున్నాయి. నా చిన్నప్పుడు మాకవి జీడిపళ్ళ కొండలు, అంతే. 1970లలో నావికాదళం వారు తమ పని మీద ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే తొట్లకొండ మీద పాతకాలపు కట్టడాల ఆనవాళ్ళు కనబడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ వారు బావికొండని 1982 నుంచి 1987 దాకా, తొట్లకొండని 1988 నుంచి 1993 దాకా తవ్వారు. మా వీధిలోంచి ఆ తవ్వకాలకి కూలికెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం తట్ట దించుకుంటూ, "ఇటికెలేనమ్మా, ఎక్కడ సూసినా ఇటికెలే" అని మా మామ్మతో చెప్పటం నాకు బాగా గుర్తు. బంగారం దొరుకుతుందేమోనని ఆశపడ్డ మా మామ్మ "ఇటికెలకా ఇంత గోల!" అని లోపలికి వెళ్ళిపోయేది.

ఆ ఇటుకల కింద ఉన్నది బౌద్ధారామం. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు తరవాత మూడో శతాబ్దం దాకా అక్కడ హీనయాన భిక్షువులు ఉండేవారు. స్తూపం, చైత్యాలు, వరుసగా భిక్షువుల గదులు, భోజనశాల, వంటిల్లు. కొండరాతిని తొలిచి చేసిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టే తొట్లకొండ అయింది. శాతవాహనుల సీసపు నాణేలూ, ఓడవర్తకుల వెంట వచ్చిన రోము వెండి నాణేలూ దొరికాయి. అంటే మా ఊరికి ఐటీ కంపెనీలు రాకముందే విదేశీ డబ్బు వచ్చిందన్నమాట!

కొండ ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు. ఎక్కువేం కాదు. కానీ పుష్యమాసంలో తెల్లవారుజామున ఆ మీద నిలబడి చూడండి. అడ్డమన్నది లేని గాలి, పళ్ళు టకటకలాడతాయి. ఒంటిమీద మూడు చీవరాలతో ఆ భిక్షువులు ఏం చేసేవారు? నాలుగు ఎండుకొమ్మలు పోగేసి చలి కాచుకునేవారా?

కాచుకోకూడదు. పాళీ వినయపిటకంలో భిక్షువులకి 'పాచిత్తియ' అనే నియమాలు 92 ఉన్నాయి. అందులో 56వది అచ్చంగా చలిమంట గురించే. జబ్బు లేని భిక్షువు చలి కాచుకోవటానికి మంట వెయ్యకూడదు, ఒకరి చేత వేయించుకోకూడదు. ఈ నియమం ఎందుకొచ్చిందో చెప్పే కథ కూడా అందులోనే ఉంది. భగ్గుల దేశంలో సుంసుమారగిరి దగ్గర భేసకలావనంలో బుద్ధుడు ఉన్న రోజులవి. చలికాలం. భిక్షువులు కొందరు ఓ పెద్ద దుంగ తెచ్చి అంటించి చుట్టూ చేరారు. ఆ దుంగకి తొర్ర ఉంది. తొర్రలో నల్లతాచు పడుకుని ఉంది. వేడి తగిలేసరికి అది బుసకొడుతూ బయటికొచ్చి భిక్షువుల వెంట పడింది. ఒకళ్ళు ఇటు, ఒకళ్ళు అటు పరుగో పరుగు. సంగతి బుద్ధుడి దాకా వెళ్ళింది, నియమం పుట్టింది. తరవాత కొంచెం సడలించారు. జబ్బు చేసినవాళ్ళు కాచుకోవచ్చు, దీపం పెట్టుకోవచ్చు, వేడి కోసం కట్టిన గది ఉంటే అందులో మంట వేసుకోవచ్చు. ఆరుబయట నెగడు చుట్టూ చేరి కబుర్లు చెప్పుకోవటం మాత్రం కూడదు.

ఇది చదివినప్పుడు నాకు జ్ఞానం కలగలేదు గానీ మా అమ్మ గుర్తొచ్చింది. భోగికి దుంగలు మోసుకొచ్చిన పిల్లల్ని అమ్మ గుమ్మంలోనే ఆపేసేది. "నేలకేసి కొట్టండి ముందు. రెండుసార్లు. ఇంకోసారి" అనేది. కొడితే మండ్రగబ్బలు రాలేవి, జెర్రులు రాలేవి. ఒకసారి పాముపిల్ల కూడా రాలింది. వినయపిటకం మా అమ్మ చదవలేదు. చదవక్కర్లేదు కూడా. చలికాలంలో తొర్రదుంగ అంటే ఏమిటో ఎవరి ఇంట్లో వాళ్ళకి తెలుసు.

ఇందులో నాకు ముచ్చటగా తోచిన సంగతి ఇంకోటుంది. చలి కాచుకోవటానికి ఒక్క పుల్ల వెలిగించకూడదన్న ఆ కొండ మొత్తం కట్టింది కాల్చిన ఇటుకలతో, కాల్చిన పెంకులతో. ఆ బట్టీలకి ఎన్ని అడవులు పోయాయో! వంటింట్లో పొయ్యి వెలగాలి, స్తూపం దగ్గర దీపం వెలగాలి. మనిషి ఒళ్ళు వెచ్చబడటానికి మాత్రం నిప్పు ఉండకూడదు. నేను నవలలు రాసేదాన్ని కాబట్టి ఓ కుర్ర భిక్షువుని ఊహించుకుంటాను. కింద పల్లెల్లో పశువులపాకల ముందు నెగళ్ళు ఒక్కొక్కటే వెలుగుతుంటే, పైనుంచి చేతులు చంకల్లో పెట్టుకుని చూస్తూ నిలబడినవాణ్ణి. అయినా ఒకటి. వద్దని రాసి పెట్టారంటే, మంట చుట్టూ చేరటమంటే మనిషికి ఎంత మోజో ఆ పెద్దలకి బాగా తెలుసన్నమాట.

ఇక తారీఖు సంగతి. ఇక్కడ చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. భోగి అంటే మకర సంక్రమణానికి ముందురోజు. ఇప్పుడది జనవరి 13నో 14నో వస్తోంది. కానీ మనకి అన్నిటికంటే పొడుగు రాత్రి డిసెంబరు 21, 22 తారీఖుల్లోనే అయిపోతుంది. మరి ఉత్తరాయణం వచ్చిందని మనం మూడువారాలు ఆలస్యంగా ఎందుకు పండగ చేసుకుంటాం? భూమి తిరిగే బొంగరంలా తల మెల్లిగా ఊపుతూ ఉంటుంది. దానివల్ల నక్షత్రాల లెక్కన వచ్చే సంక్రాంతి, ఋతువుల లెక్కన నడిచే క్యాలెండరులో సుమారు 72 ఏళ్ళకి ఒకరోజు చొప్పున ముందుకి జరుగుతుంది. వివేకానందస్వామి పుట్టింది సంక్రాంతినాడే, ఆ తారీఖు 1863 జనవరి 12. అంటే ఆ ఏడు భోగి జనవరి 11న వచ్చింది. ఇలా వెనక్కి వెనక్కి వెళ్తే, ఈ రెండు లెక్కలూ కలిసిన సంవత్సరం క్రీస్తు శకం 285 అని మన జాతీయ పంచాంగం తయారుచేసిన పండితులు తీసుకున్నారు.

285! తొట్లకొండ ఆరామం చివరి రోజులు ఇంచుమించు అవే. అప్పుడు మకర సంక్రమణమంటే నిజంగానే ఏడాదిలో అతి పొడుగు రాత్రి. మా తీరంలో ఆ రాత్రి దాదాపు పదమూడు గంటలు ఉంటుంది. ఆ చీకటి అంచున నిప్పు పెట్టుకోవాలని ఎవరికి తోచినా తప్పులేదు. మనం ఆ చీకటిని మూడువారాల వెనక వదిలేసి, మంటని మాత్రం పంచాంగం చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నాం. ఇలాగే సాగితే ఇంకో పదమూడు వందల ఏళ్ళకి భోగి ఫిబ్రవరిలోకి జారుతుంది. అప్పటి ఆడవాళ్ళు ఇంకెంతకాలం కాచుకోవాలమ్మా అనుకుంటారు కాబోలు.

కాచుకోవటమన్నాను కదా, ఆ విద్యకి అధిదేవత గోదాదేవి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పడుతుంది. అక్కణ్ణించి ముప్ఫై రోజులూ రోజుకో పాశురం చొప్పున తిరుప్పావై. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం. ముప్ఫయ్యో పాశురం అయ్యాక భోగినాడు గోదాకల్యాణం. నెల్లాళ్ళు వణుకుతూ స్నానాలు చేసిన పిల్లకి పెళ్ళి జరిగే రోజూ, ఊరంతా వేడినీళ్ళతో తలంటుకునే రోజూ ఒకటే కావటం నాకు ఎంతో సబబుగా ఉంటుంది.

ఈ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'గా రాశాడు. కళింగ దండయాత్రకి బయల్దేరి, దారిలో కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆగినప్పుడు స్వామి కలలో కనిపించి ఆ కథ రాయమన్నాడని అందులో ఆయనే చెప్పుకున్నాడు. ఆ దండయాత్రలోనే 1516లో సింహాచలం వచ్చి స్వామికి నగలు సమర్పించి శాసనం వేయించాడు. అంటే మా కంబాలకొండకి అవతలి పక్కనే రాయలవారు దిగారన్నమాట. ఆ కావ్యంలో నాకు నచ్చిన చోటు యుద్ధమూ కాదు, విరహమూ కాదు. గోదాదేవి తండ్రి విష్ణుచిత్తుడి ఇంటి వంటిల్లు. జడివాన పట్టిన రోజుల్లో అతిథులకి వండాలి, కట్టెలన్నీ తడిసిపోయాయి. ఇంట్లో పొగ చూరకుండా ఎండు కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టి వండుతారు. అంత పెద్ద రాజుకి తడికట్టె పొగ కళ్ళల్లోకి పోతే ఎలా ఉంటుందో ఎవరు చెప్పారో! తిరుమలదేవి అయితే చెప్పి ఉండదు. ఏ వంటలక్కో చెప్పుంటుంది.

పొయ్యిలోకి పెట్టే కట్టెకి మనవాళ్ళు వంటచెరకు అని పేరు పెట్టారు. అంత తియ్యటి మాటని అంత మసి పనికి వాడుకున్నవాళ్ళు ఇంకెక్కడన్నా ఉన్నారేమో నాకు తెలీదు.

మా తీరంలో వంటచెరకంటే సరుగుడు. మా సముద్రానికి, ఆ ఇసుకకి సరుగుడు తోటలు ఎంతగా అమిరిపోయాయంటే అవి ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నాయనుకుంటాం. కాదు. ఆ చెట్టు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలది. 1860లలో మద్రాసు ప్రెసిడెన్సీలో కొత్తగా వచ్చిన రైలింజన్లకి మేత కావాల్సి వచ్చింది. బొగ్గు దూరం, ఖరీదు. అందుకని కట్టెల కోసం తీరపు ఇసుకనేలల్లో సరుగుడు వెయ్యటం మొదలుపెట్టారు. ఇసుకలో బతుకుతుంది, నాలుగైదేళ్ళలో నరుకుడుకి వస్తుంది, పచ్చిదైనా మండుతుంది. ఇంజను తినే కట్టె చివరికి మా పొయ్యిల్లోకి, పందిళ్ళలోకి, భోగిమంటల్లోకి చేరింది. మధ్యలో దుంగ ఏదైనా, చుట్టూ నిలబెట్టేవి సరుగుడు కొమ్మలే. వాటి ఎండాకు అంటుకున్నప్పుడు వచ్చే సరసర చప్పుడు వింటే మా ఊళ్ళో పిల్లలు దుప్పట్లు తన్నేసి లేచి వచ్చేవాళ్ళు.

కొన్న కట్టెతో భోగి వెయ్యటం మా రోజుల్లో నామోషీ. దొంగిలించాలి. ఇదేదో మా ఊరి పిల్లల అల్లరే అనుకునేదాన్ని. అస్సాంలో మాఘ బిహుకి ముందురాత్రి, ఉరుకా అంటారు దాన్ని, అక్కడి కుర్రాళ్ళు కూడా ఇరుగుపొరుగు కట్టెలూ కూరగాయలూ ఎత్తుకుపోతారనీ, తెల్లారగట్ల మేజీ అని పెద్ద మంట వేస్తారనీ చదివి హాయిగా నిట్టూర్చాను. పంజాబు లోహ్రీ కూడా ఈ రోజుల్లోదే. కాకపోతే వాళ్ళది సాయంత్రపు మంట. మనదీ అస్సాం వాళ్ళదీ తెల్లవారుజాము మంట. తెల్లారితే అంటిస్తామన్న మంట కోసం రాత్రంతా మేలుకున్న పిల్లల్ని చూస్తే తెలుస్తుంది, ఈ రెంటికీ ఎంత తేడా ఉందో.

దొంగతనానికి చట్టం ఒకటుండేది. మంటలో పడిన దాన్ని అడగకూడదు. ఆ చట్టం అడ్డం పెట్టుకుని మా అన్నయ్య ముఠా కంచెలు పీకింది, విరిగిన బండిచక్రం దొర్లించుకొచ్చింది, ఒకరి పాకకి తలుపు లేకుండా చేసింది. నాకు కాపలా ఉద్యోగం ఇచ్చారు. ఒక ఏడు కట్టె సరిపోలేదు. అన్నయ్య మా పెరట్లో తాతయ్య నులకమంచం కోడు ఊడబెరికాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. తెల్లవారి తాతయ్య వచ్చి, ఆ కోడు మండుతున్న మంట ముందే చేతులు చాపి, "మంచి కర్రరా, టేకులా ఉంది" అన్నాడు. ఇంటికెళ్ళి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. మామ్మ మంచం కింద నాలుగిటుకలు పేర్చింది. ఏడాదంతా తాతయ్య ఆ ఇటుకల మంచం మీదే పడుకున్నాడు. మళ్ళీ భోగి వచ్చిన ముందురాత్రి మాత్రం మంచాన్ని ఇంట్లోకి లాక్కుని తలుపు గడియ పెట్టుకున్నాడు.

భోగినాడు పాత వస్తువులన్నీ మంటలో వేసి కొత్తకి స్వాగతం చెప్పాలని ఈమధ్య అందరూ అంటున్నారు. వినటానికి బాగానే ఉంటుంది. మా ఇంట్లో అలాంటి పాత వస్తువులు ఎప్పుడుండేవి? చిరిగిన చీర బొంతలోకి, బొంత చిరిగితే మసిగుడ్డలోకి వెళ్ళేది. విరిగిన చేట పెంట మొయ్యటానికి. నిజంగా ఎందుకూ పనికిరాని వస్తువు దొరకాలంటే మా మామ్మ ఇంట్లో దీపం పెట్టి వెతకాలి. ఆ పాతని తగలెయ్యటమన్నది ఇంటినిండా సరుకు పోగుపడ్డాక పుట్టిన వేదాంతమని నా అనుమానం. మాకు భోగికి సిద్ధం కావటమంటే తీసెయ్యటం కాదు, కూడబెట్టటం. అందులో ముఖ్యం పిడకలు.

ధనుర్మాసం పట్టగానే ఆడపిల్లల ఉద్యోగం అదే. ఆవుపేడ తెచ్చి చిన్నచిన్న బిళ్ళలు చెయ్యాలి, నడుమ వేలితో చిల్లు పెట్టాలి, గోడకి ఎండలో ఆరెయ్యాలి. గొబ్బెమ్మలు వాడాక వాటినీ పిడకలే చెయ్యాలి. ఎండినవాటిని నారతాడుకి గుచ్చి దండ చెయ్యాలి. ఎవరి దండ పొడుగో వాళ్ళదే పెత్తనం. రోజుకి నాలుగు పిడకలు. వాన పడిందా, అంతా ముద్ద! డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రైతులు వరికుప్పల కోసం ఏడ్చేవారు, మేము పిడకల కోసం ఏడ్చేవాళ్ళం. ఇప్పుడవి అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. అన్నీ ఒకే సైజు, ఒకే గుండ్రం. ఎవరి వేలిముద్రా లేని పిడక చేతిలోకి తీసుకుంటే నాకు అదోలా ఉంటుంది.

తప్పెవరిదీ కాదు. పేడ ఎక్కణ్ణించి వస్తుంది? హైవే మీద బస్సు దిగి ఎడ్లబండి కోసం చూసుకునే ఊరు మా కళ్ళముందే పట్నమైపోయింది. 2005 ఏప్రిల్‌లో మా పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 పరుగులు కొట్టినప్పుడు దేశమంతా విశాఖపట్నం అంది గానీ మధురవాడ అనలేదు. ఆ ఏడే మేము మహావిశాఖ నగరపాలనలో కలిసిపోయాం. పశువులశాలలు పోయి అపార్టుమెంట్లొచ్చాయి. వీధి సిమెంటు రోడ్డయింది. సిమెంటు మీద నేరుగా మంటేస్తే పెచ్చులు లేస్తాయని ఇప్పుడు ముందు ఇసుక పోసి, ఇటుకలు పేర్చి, దానిమీద వేస్తున్నాం. కొన్ని వీధుల్లో కుర్రాళ్ళు టైర్లు వేస్తారు. ఆ నల్లపొగ కొండల మధ్య ఎటూ పోక మధ్యాహ్నం దాకా మూలుగుతూ ఉంటుంది. టైరు కాల్చి భోగి అనేవాళ్ళకి నేనైతే తొర్రదుంగ ఇచ్చి పంపిస్తాను!

ఒక్క ఏడు మాత్రం మా మొదటి మంట భోగిదాకా ఆగలేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. ఒమన్ దేశంవారు పెట్టిన పేరు, తలమీద కిరీటమున్న పిట్ట పేరట. గంటకి 180 కిలోమీటర్లకి తగ్గని గాలితో మధ్యాహ్నానికి తీరం దాటింది. ఆ గాలి శబ్దం రాయటం నా చేతకాదు. సాయంత్రానికి కాస్త సద్దుమణిగాక తలుపు తీస్తే ఊరు బోడిగా ఉంది. కంబాలకొండ మీద ఒక్క ఆకు లేదు. అక్టోబరులో అడవిని ఆ రంగులో ఎప్పుడూ చూడలేదు. ఎండాకాలం కాలిపోయిన అడవిలా ఉంది. మా ఇంటి ముందు వేపచెట్టు వేళ్ళతో సహా లేచి, ఇంటి మీదకి రాకుండా, ప్రహరీగోడ మీదుగా వీధిలోకి పడుకుంది. ఇల్లు కట్టిన ఏడు నాన్న నాటిన చెట్టు అది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు.

కరెంటు లేదు, ఫోన్లు లేవు, గ్యాసు బండ వచ్చే దారి లేదు. మర్నాడు పొద్దున్న మా వీధి ఆడవాళ్ళందరం మూడు రాళ్ళు పెట్టి కట్టెపొయ్యి వెలిగించాం. కట్టెలకేం కొదవ? ఊరంతా కట్టెలే. కానీ అన్నీ పచ్చివి, అన్నీ తడిసినవి. పొగతో కళ్ళు మండి అందరం ఏడుస్తున్నాం. ఎవరి ఏడుపు పొగకో, ఎవరిది దేనికో అడిగే పని లేకపోయింది. నాకు విష్ణుచిత్తుడి ఇల్లు గుర్తొచ్చి, పక్కవీధి గుడి దగ్గర పోగుపడిన కొబ్బరిచిప్పలు ఎండువి ఏరుకొచ్చాను. ఆముక్తమాల్యద నాకు బీయేలో మార్కులు తెచ్చిపెట్టలేదు గానీ ఆ పూట అన్నం వండిపెట్టింది.

కరెంటు రావటానికి మాకు పదిరోజులు పట్టింది. ఈలోగా కట్టెల అడితి నుంచి ఒకతను వచ్చి పడిన చెట్లకి బేరాలాడాడు. వీధిలో అందరూ ఇచ్చేశారు. అమ్మ ఇవ్వలేదు. రంపం మిషను పిలిపించి, కొమ్మలు కావాల్సినవాళ్ళని పట్టుకుపొమ్మని, మానుని మాత్రం పన్నెండు దుంగలు కోయించింది. వాటిని పెరట్లో రేకుల కింద పేర్పించింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. వేపమాను అమ్మవారు, పొయ్యిలో పెట్టకూడదు అంది. ఆ భోగికి తెల్లవారుజామున తనే ఒక దుంగ దొర్లించుకుంటూ వీధిలోకి వచ్చింది. "పొయ్యిలో పెట్టకూడదన్నావుగా" అన్నాను. "ఇది పొయ్యి కాదుగా" అంది.

అప్పట్నుంచీ ఏడాదికి ఒకటి. దుంగ వెలిగాక వచ్చే ఆ చేదువాసన మా వీధి భోగికి గుర్తు అయిపోయింది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు "ఇదేం కర్రండీ, దోమలన్నీ పోయాయి!" అంటారు. 2021లో, కరోనా భయంతో అందరూ ఎడంగా నిలబడ్డ ఏడు కూడా, దుంగ ఆగలేదు. యూరపులో క్రిస్మస్‌కి ఓ పెద్ద దుంగ కాల్చి, చివర మిగిలిన ముక్క దాచి, మరుసటి ఏడు దానితోనే కొత్త దుంగని అంటించే ఆచారం ఉండేదని చదివి అమ్మకి చెప్పాను. "మిగల్చటం ఎందుకు, పూర్తిగా కాలనిస్తే పోలా?" అంది. కానీ మంట ఆరాక ఆ బూడిద చిటికెడు తీసి నాన్న ఫోటో కింద బొట్టులా పెట్టటం నేను చూశాను.

ఇప్పుడు రేకుల కింద ఒక్క దుంగే ఉంది.

మొన్న ధనుర్మాసం పట్టింది. వైకుంఠ ఏకాదశి లోపల తీసి ఎండలో పెట్టమని అమ్మ నాలుగుసార్లు చెప్పింది. మోకాళ్ళు పట్టేశాయి, తను వంగలేదు. పదకొండేళ్ళు ఎండిన కర్రకి ఇంకా ఎండెందుకని నేను వాయిదా వేస్తూ వచ్చాను. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు. మంచు మొదలైంది, మా మధురవాడలో మంచంటే ఏడున్నరకల్లా కరిగిపోయేదే. దేవళంలో మైకు పొద్దున్నే మోగుతోంది. కింది వాటా పిల్లలిద్దరు పిడకలు చెయ్యటం ఎలా అని అడిగితే, రోడ్డు మీద తిరిగే ఆవు వెనక తట్ట పట్టుకుని పంపించాను. వాళ్ళమ్మ నన్ను తిట్టుకునే ఉంటుంది.

మిచిగన్ పిల్ల నిన్న మళ్ళీ ఫోను చేసింది. వాళ్ళ మంట రెండునెలల పాతదైపోయింది, రోజూ వేస్తున్నారు, బూడిద ఎత్తలేక చస్తున్నామంటోంది. "మీదింకా కాలేదా అక్కా?" అంది. లేదన్నాను.

ఇవాళ పొద్దున్న పనమ్మాయి సాయంతో దుంగని ఎండలోకి లాగాను. ఒక చివర గుప్పెడంత తొర్ర. అమ్మ కుర్చీ గుమ్మంలోకి జరిపించుకుని, "నేలకేసి కొట్టు" అంది. బరువుకి ఎత్తలేక రోకలి తెచ్చి దుంగ మీద కొట్టాను. కాస్త పొట్టు రాలింది. మళ్ళీ కొట్టాను. తొర్రలోంచి ఒక బల్లి వచ్చి, ఎండకి కళ్ళు చికిలించినట్టు ఒక్క క్షణం ఆగి, గోడెక్కి పోయింది.

"ఇంకోసారి" అంది అమ్మ.